పాడుపెట్టిన ఇంట్లో పొగ

పటాన్‌చెరు పాత ఊళ్లో, బొంబాయి రోడ్డు దిగి కుమ్మరి గల్లీలోకి తిరిగితే ఎడమ పక్కన ఒక గూనపెంకుల ఇల్లు ఉంది. ఆ ఇంటి మీద అనుమానాలు పడటం ఈనాటిది కాదు. కట్టిన రోజు నుంచీ ఉంది ఆ శని. ఆ ఇంటి చిన్నకొడుకు యాదగిరి వాళ్ల తాత పునాది తవ్విస్తుంటే గడ్డపారకు ఏదో బిందె తగిలిందనీ, కూలీలను ఇళ్లకు పంపేసి మిగతా గుంత తనే తవ్వుకున్నాడనీ గల్లీ అంతా చెప్పుకుంది. అంత బిందె దొరికినవాడు చచ్చేదాకా గోచీ పెట్టుకుని నాగలి ఎందుకు పట్టాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. తండ్రి కాలంలో కంపెనీల కోసం సర్కారు చెలక భూములు తీసుకున్నప్పుడు ఆ ఇంటివాళ్లకు ఒక ముక్క ఎలా మిగిలిందని ఇంకో గుసగుస లేచింది. మిగిలిన ముక్క ఏదయ్యా అంటే రాళ్ల గుట్ట. ఊరికే ఇస్తానన్నా ఏ కంపెనీ వాడూ తీసుకోడు. అయినా అనుమానం పట్టినవాళ్లకు అవన్నీ ఎందుకు?

ఊరు ఆ ఇంటిని అనుమానిస్తే, ఆ ఇంట్లో పుట్టిన యాదగిరి ఊరినంతా అనుమానించాడు. కూరగాయలు తూచే చోట తక్కెడ కిందికి వంగి చూసేవాడు. కంపెనీలో తన గ్లాసులో చాయ్ పలచగా ఉంటే పక్కవాడి గ్లాసు లాక్కుని రుచి చూసేవాడు. పెళ్లిచూపుల్లో అరుణమ్మ సిగ్గుతో తలవంచుకు కూర్చుంటే, మెడ మీద ఏదో మచ్చ దాస్తోందని ఇటొచ్చి అటొచ్చి వంగి చూశాడట. ఆ ముచ్చట చెప్పి అరుణమ్మ ఇప్పటికీ నవ్విస్తుంది. కానీ అతని అనుమానంలో సగానికి పైగా వదిన శివమ్మ మీదే ఉండేది. ఎక్కువ మాట్లాడదామె. మాట్లాడని మనిషి కడుపులో ఏముందో ఎవరికి ఎరుక అని అతని లెక్క.

ఆ ఇంట్లో కొడుకులు అవ్వ అని పిలిచే తల్లి మొగులమ్మ, పెద్దకొడుకు కిష్టప్ప, అతని భార్య శివమ్మ, చిన్నకొడుకు యాదగిరి, అరుణమ్మ ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. ఎనభై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో మొగులమ్మ పోయింది. మంచం పట్టి చాలా కాలమైన మనిషి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ పొద్దు ఇంట్లో మనుషులు తక్కువ. కిష్టప్ప చెలకకు పోయాడు. అరుణమ్మ కాన్పుకని కొండాపూర్‌లో పుట్టింట ఉంది. శివమ్మ కిరసనాయిలు లైనులో నిలబడటానికి పొద్దున్నే డబ్బా పట్టుకుని బయలుదేరింది. అవ్వకు గంజి తాపమని మరిదికి అప్పజెప్పి మరీ పోయింది. యాదగిరికి ఆ వారం రెండో షిఫ్టు, మధ్యాహ్నం దాకా పనేం లేదు.

అవ్వ ఒంటరిగా దొరికింది కదా అని యాదగిరి గంజి పక్కన పెట్టి ముందరి గది, అదే ముందర అర్ర సంగతి ఎత్తాడు. బిడ్డ పుట్టబోతోంది, ముందర అర్ర, అరుగు తనకని అవ్వ నోటితో ఒక్కసారి అంటే అన్న కాదనడు. మొగులమ్మ గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. అలిగిందంటే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని మనిషి ఆమె, ఆ సంగతి గల్లీ అంతటికీ తెలుసు. ఆ రోజూ అంతే, ఊ అనలేదు, ఆ అనలేదు. అతను బతిమాలాడు, బుజ్జగించాడు, చివరికి గొంతు పెంచి నాలుగు మాటలు అన్నాడు. పక్కింటి వాళ్లకు కూడా వినిపించింది. అలిగితే అలుగు అని గిన్నె మంచం కిందికి నెట్టేసి కంపెనీ బస్సుకు బయలుదేరాడు. గల్లీ మలుపులో శివమ్మ డబ్బా మోసుకుంటూ ఎదురైతే ఆ కోపమంతా ఆమె మీద కుమ్మరించాడు.

"అవ్వ నాతోని ఒక్క మాట మాట్లాడలే వదినా. మంచిగ నేర్పినవ్. నీ నోరెట్లాగు లెవ్వది, ఆమె నోరు గూడ మూపిచ్చినవ్."

సాయంత్రం కంపెనీ గేటు దగ్గరికి కబురొచ్చింది. పొద్దుగూకే వేళకు, తన చేతుల్లో, గుక్కెడు నీళ్లు తాగి అవ్వ పోయిందని శివమ్మ చెప్పింది. దహనమయ్యాక పంతులు అరుగు మీద కూర్చుని పంచాంగం తిప్పాడు. తిప్పినవాడు మొహం అదోలా పెట్టాడు.

"మధ్యాహ్నం కంపెనీ సైరన్ కూసే దాంక శ్రవణం ఉండె. ఏ దోషం లేకుండ బేఫికర్‌గ పొయ్యేది. పొద్దుగూకినంక అంటున్నరు గద, అప్పటికి ధనిష్ఠ సొచ్చింది. ఆరు నెలలు ఇల్లు పాడువెట్టాలె. పొయ్యి ముట్టియ్యొద్దు, దీపం పెట్టొద్దు, మనిషి నిద్ర చెయ్యొద్దు. కాదని ఉన్నరనుకో, ఇంకో పీనుగ లేస్తది. నా మీద పెట్టకుండ్రి."

ఆ మాట వినగానే శివమ్మ గోడకు చేరగిలబడి కూలబడింది. అత్త మీద ఎంత ప్రేమో అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. యాదగిరి ఒక్కడే అనుకున్నాడు: అవ్వ పోయినప్పుడు పడని మనిషి, పంచాంగం చూసినప్పుడు ఎందుకు పడింది?

గుమ్మానికి తాళం వేసి, అడ్డంగా తుమ్మ కంప కొట్టి అందరూ బయటపడ్డారు. కిష్టప్ప వాళ్లు ఊరి చివర ఒక గదిలో, యాదగిరి కంపెనీల పక్కన రేకుల గదిలో కిరాయికి దిగారు. పగలు రేకు కాలేది, వానొస్తే చెవులు పగిలేవి. గాలి ఇటు తిరిగితే వెనక నాలా కంపు ముక్కులు బద్దలు కొట్టేది. అరుణమ్మ బిడ్డను ఎత్తుకుని కొండాపూర్ నుంచి నేరుగా ఆ గదికే వచ్చింది. పసిదానికి దగ్గు పట్టుకుని వదల్లేదు. రోజూ షిఫ్టు నుంచి వచ్చేసరికి అరుణమ్మ ఒక్కటే మాట అడిగేది.

"మనింటికి ఎన్నడు పోతం?"

ఆరు నెలలే కదా, ఓపిక పడదాం అనుకుంటుండగానే కిష్టప్ప ఇంకో బాంబు వేశాడు. పాత ఇనుము కొనే ఒక సేఠ్ గోదాముకు జాగా వెతుకుతున్నాడట.

"ధనిష్ఠ పట్టిన ఇల్లు, మళ్ల ఎక్కుడెందుకు తమ్మీ? నాకు గుండెల దడ. అమ్మి చెరి సగం తీస్కుందం. సేఠ్‌కు నచ్చత్రాలతోని పనిలేదు, ఆడ పండుకునేది ఇనుపముక్కలే గద."

అంతే, యాదగిరి తలలో అన్నీ గళ్లలో పడ్డట్టు పడ్డాయి. ఓహో! ఇదా సంగతి! ఇల్లు పాడుపెట్టించింది ఇందుకా! అన్న అమాయకుడు, గాలి ఎటు వీస్తే అటు. వెనక నుంచి ఊదేది వదినే. ఇల్లు పోతే బిడ్డను ఆ రేకుల కిందే పెంచాలి, ఆ నాలా పక్కనే పెళ్లి చెయ్యాలి. ఎట్లాగైనా ఆ ఆడమనిషి గుట్టు బయటపెట్టి ఇల్లు నిలబెట్టుకోవాలని ఒట్టు పెట్టుకున్నాడు.

వెతికేవాడికి దొరకకుండా ఉంటుందా? మొదటి ముక్క చిన్నమ్మ ముత్యమ్మ దగ్గర దొరికింది. తండ్రి తమ్ముడు నర్సింహులు భార్య ఆమె, శవానికి నీళ్లు పోసింది ఆమే. మాటల్లో నోరు జారింది.

"ఏమోరా కొడుకా, అప్పుడే పోయిందన్నరు. నేను నీళ్లు పోసేటాలకు చెయ్యి వంగలే. ఒళ్లు కట్టె లెక్క బిగుసుకున్నది."

యాదగిరి అక్కడే తొడ చరుచుకున్నాడు. అంటే పొద్దుగూకే వేళకు పోలేదన్నమాట. తను బస్సెక్కగానే పోయి ఉంటుంది. సైరన్ కూయడానికి ఇంకా బోలెడంత టైముంది అప్పటికి. అంటే శ్రవణంలోనే పోయింది. ఆ శివమ్మ శవాన్ని పక్కన పెట్టుకుని, నోరు కుట్టుకుని, ధనిష్ఠ వచ్చేదాకా కాచుకుని కూర్చుంది! రాక్షసి. అరుణమ్మకు చెప్తే ఆమె బిడ్డ వీపు నిమురుతూ అతన్ని ఎగాదిగా చూసింది.

"వదినకు పంచాంగం సదువొస్తదా? తిథి వారం తెల్వక నన్నడుగుతది పాపం."

"నీకు తెల్వదు, ఊకో. గసొంటోళ్లకే అన్నీ వస్తయి."

రెండో ముక్క ఆకాశంలోంచి దొరికింది. పాత ఇంటికి ఎదురుగా ఒక అర్రలో బీహార్ నుంచి వచ్చిన కంపెనీ కుర్రాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. ఒకరోజు వాళ్లలో ఒకడు చాయ్ హోటల్ దగ్గర యాదగిరి చొక్కా పట్టుకుని ఆపాడు. "ఆప్ కే ఘర్ మే భూత్ హై భయ్యా. ధువా నికల్తా హై, దిన్ మే." తాళం వేసిన ఇంట్లోంచి, పట్టపగలు, పెంకుల సందుల్లోంచి పొగ! గల్లీ ఆడవాళ్లు అప్పటికే ఆ వైపు నడవడం మానేశారట. మొగులమ్మ వచ్చి గంజి కాచుకుంటోందని చెప్పుకుంటున్నారు.

యాదగిరి దయ్యాలను కూడా నమ్మే రకం కాదు, వాటినీ అనుమానించేవాడు. మొదటి షిఫ్టు పడిన వారం పని ముగించుకుని తిన్నగా వచ్చి, పక్కింటి పెరట్లో గడ్డివాము చాటున నక్కి కూర్చున్నాడు. చీమలు కుట్టాయి, కోళ్లు తొక్కాయి, పక్కింటి ముసలాయన దొంగ అనుకుని కర్ర ఎత్తాడు. ఫలితం దక్కలేదనకండి. శివమ్మ కొంగు కింద ఏదో దాచుకుని వచ్చి, అటూ ఇటూ చూసి, వెనక గుమ్మం తాళం తీసి లోపలికి పోయింది. కాసేపటికి వంటింటి మీంచి పొగ లేచింది.

అతనికి చెమట పట్టింది, భయంతో కాదు, సంతోషంతో. ధనిష్ఠ అంటే ఊళ్లో మగాళ్లకే కాళ్లు వణుకుతాయి. ఒంటరి ఆడమనిషి అలా గడప దాటి పొయ్యి ముట్టిస్తోందంటే ఏమిటి అర్థం? ఆ ఇంటికి ఏ దోషమూ పట్టలేదని ఆమెకు ముందే తెలుసు. నక్షత్రం అబద్ధమని తెలిసిన మనిషికే ఆ ధైర్యం ఉంటుంది. అప్పుడే పట్టుకుందామనుకున్నాడు గానీ, నలుగురు లేకుండా పట్టుకుంటే రేపు కాదంటుంది. పళ్లు బిగబట్టి వెనక్కి పోయాడు.

సేఠ్ ఇల్లు చూడ్డానికి వస్తానన్న రోజు నలుగురూ కూడారు. ఎదురింటి అరుగు మీద కిష్టప్ప, నర్సింహులు చిన్నాయన, ముత్యమ్మ, గల్లీ పెద్దలు కూర్చున్నారు. శివమ్మ ఏదని అడిగితే గదిలో పని ఉందని అన్నదని కిష్టప్ప చెప్పాడు. యాదగిరి మాత్రం తాళం వేసిన తమ ఇంటి పెంకుల వైపే చూస్తూ నిలబడ్డాడు. పెంకుల మధ్య నుంచి సన్నగా పొగ లేవగానే ఒక్క గెంతులో కిందికి దిగాడు.

"అగో సూడుండ్రి! లేవుండ్రి, రాండ్రి నా ఎంబడి! మా అవ్వ దయ్యం కాదది, మా వదిన!"

పెద్దలు జంకుతూనే వెనక గుమ్మం దాకా వచ్చారు. లోపల శివమ్మ పొయ్యి ముందు గొంతు కూర్చుని పిడకల మీద పచ్చి వేపాకు వేస్తోంది. వాసాలకూ దూలాలకూ పొగ పట్టిస్తోంది. అర్ర ఊడ్చి ఉంది. కోతులు కదిపిన పెంకులు సర్ది ఉన్నాయి. ఇంతమందిని చూసి ఆమె లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. కిష్టప్ప గడప బయటే ఆగిపోయాడు.

"ఏందే గిది? ఇంట్ల పీనుగ లేస్తదని పంతులు చెప్పలే?"

"చెదలు పట్టినయి," అంది శివమ్మ నెమ్మదిగా. "పొగ లేకుంటే దూలం మిగలది. అత్త చెప్పేది. ఇల్లు కూలిపోతది."

"ఇల్లు అమ్ముకుంటోళ్లకు దూలం మీద గంత పావురమెందుకు, గంత ప్రేమెందుకు?" యాదగిరి అందుకున్నాడు. "నేన్చెప్త ఇనుండ్రి. ధనిష్ఠంటే ఈమెకు భయం లేదు. ఎందుకు లేదు? నచ్చత్రం అబద్ధమని ఈమెకు ఎరుక గనక! అవ్వ పొద్దుగూకినంక పోలే. చిన్నమ్మనడుగుండ్రి, నీళ్లు పోసేటాలకే ఒళ్లు బిగుసుకున్నది. ఇల్లు పాడువెట్టిచ్చి అమ్మిచ్చెతందుకు మా వదిన సావు టైమే మార్చింది!"

ముత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవునన్నట్టు తలూపింది. నర్సింహులు పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"శివమ్మా, నిజం చెప్పు బిడ్డా. మా మొగులమ్మ వదిన ఏ యాళ్లకు పోయింది?"

"పొద్దుగూకే యాళ్లకే చిన్నమామా."

"పొయ్యి మీద చెయ్యి పెట్టి చెప్పుమను!" యాదగిరి అరిచాడు. "మా అన్న మీద ఒట్టేసి చెప్పుమను!"

శివమ్మ చెయ్యి చాచింది. పొయ్యి గడ్డ దాకా తీసుకెళ్లి వెనక్కి లాక్కుంది. తల ఎత్తి మరిది మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే అతనికి ఇంకా అనుమానం పుట్టించింది.

"యాదగిరీ, ఇగ ఇడిసిపెట్టు. నేనే తప్పు జేసిన అనుకో. ఇల్లు అమ్మొద్దని మీ అన్నకు నేను చెప్త. నీ కాళ్లు మొక్కుత, గీ ముచ్చట ఇడువు."

"ఇడువ! నలుగుట్ల తేలాలె."

శివమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు నాకు గల్లీ మలుపు కాడ ఎదురైనవ్ గద. నన్ను తిట్టి పోయినవ్. నేను అటునుంచి అటే లోపటికొచ్చిన. డబ్బా గూడ దించలే. అప్పటికే పోయింది అత్త."

"అప్పటికి సైరన్ కూసిందా?"

"కూయలే."

"ఇన్నరు గద!" యాదగిరి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "సైరన్ కూయకముందే! శ్రవణంలనే పోయింది! ఇంటికి ఏ దోషం లేదు! ఏం చిన్నాయనా, నేను మొత్తుకుంటె ఎవలన్న ఇన్నరా? అన్నా, పీకు ఆ కంప! సేఠ్‌ను పొమ్మను!"

ఎవరూ కదల్లేదు. కిష్టప్ప కంప పీకలేదు. సంతోషపడాల్సిన వాళ్లంతా తన వైపే ఎందుకు చూస్తున్నారో యాదగిరికి అర్థం కాలేదు. అతను నవ్వు మొహంతోనే ఒక్కొక్కరి వైపు తిరిగాడు. నర్సింహులే ముందుకొచ్చి అడిగాడు. ఆ పెద్దమనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమైందో చూసినవాళ్లకే తెలుసు.

"మలుపు కాడ నువ్వు ఎదురైనవంటుంది. అప్పటికే పోయిందంటుంది. మరి పొద్దటి నుంచి అవ్వ కాడ కూసున్నది నువ్వే గదరా."

యాదగిరి నవ్వు అట్లాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"నేను మాట్లాడిన," అన్నాడు. "శానా సేపు మాట్లాడిన. గోడ దిక్కు తిరిగి..."

అక్కడ ఆగిపోయాడు. ఆ రోజు దుప్పటిలోంచి అవ్వ పాదం ఒకటి బయటికి వచ్చి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తనే లోపలికి నెట్టాడు. చల్లగా తగిలింది, బరువుగా తగిలింది. వాన పొద్దు కదా అనుకున్నాడు. కాలు కూడా ముడుచుకోనంత పంతమా అని ఇంకో మాట ఎక్కువే తిట్టాడు. ఇన్ని నెలలుగా ఎదుటివాళ్ల ప్రతి కదలికనూ పట్టిపట్టి చూసినవాడు, ఆ పాదాన్ని ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు.

"సచ్చిన తల్లితోని అర్ర కోసం కొట్లాడిండని గల్లీ అంత అంటరు," అంది శివమ్మ, ఎవరితోనో కాదు, పొయ్యితో చెప్పినట్టు. "నీ అరుపులు పక్కింటోళ్లు గూడ ఇన్నరాయె. అరుణమ్మ ఆడ కాన్పు మీదున్నది. నీ మొకం నాకెరుక, ఇది ఇంటె నువ్వు బతకవనుకున్న. అందుకే పొద్దుగూకే దాంక తలుపు దగ్గరేసి ఒక్కదాన్నే కూసున్న. నా చేతుల పోయిందని చెప్పిన. పంతులు పంచాంగం ఇప్పుతడని నాకేమెరుక? ఇప్పినంక ఎట్ల మార్చుదు? ఇల్లు పోతదేమోనని నా పానం నా తాన లేదు. దూలమన్న నిలుపుకుందమని పొగ పెడుతున్న."

కిష్టప్ప తమ్ముడి పక్క నుంచి నడిచి ముందర గుమ్మం దగ్గరికి పోయాడు. కంప లాగుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. ముత్యమ్మ మిగతావాళ్లను భుజం తట్టి బయటికి తీసుకుపోయింది. ఇల్లు దక్కింది. యాదగిరి కోరుకున్నట్టే, నలుగురిలో, అణా పైసలతో సహా నిజం తేలింది. ముందర అర్రలో ఎన్నాళ్లకో ఎండ పడింది.

అతను పొయ్యి ఎదుట నేల మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"వదినా, అవ్వ నా మీద అలిగి పోయిందా?"

"అలిగెతందుకు అవ్వ ఏడుండె యాదగిరీ?" అంది శివమ్మ. "పొద్దున నేను డబ్బా పట్కొని ఎల్లంగ గంజి నేనే తాపిచ్చి పోత అన్న. వద్దన్నది. యాదగిరి ఉన్నడు గద, వాని చేతుల తాగుత అన్నది. గోడ దిక్కు తిరిగి పండుకున్నది. గదే ఆకరి మాట."

దూరాన కంపెనీ సైరన్ కూసింది. రెండో షిఫ్టు వాళ్లు గల్లీలోంచి పరుగులు పెడుతున్న చప్పుడు వినిపించింది. యాదగిరి లేవలేదు. పొయ్యిలో పిడక ఆరిపోతుంటే వంగి ఊదాడు. పొగ కళ్లలోకి కొట్టినా మొహం పక్కకు తిప్పుకోలేదు, ఊదుతూనే ఉన్నాడు.